రెండో పిట్ట

మా వాడలో పిట్టను ఎవ్వరూ ముద్దుకు సాకలేదు. సాకిన పిట్టలన్నీ పని చేసినవే. పెట్ట గుడ్డు పెట్టింది, పుంజు పొద్దు పొడుస్తున్నదని చెప్పింది, రెండూ అంగడికి పోయి పైసలై తిరిగొచ్చినయి. పంజరంలో చిలక, ఆ చిలక నోట ఇంటాయన పేరు, అది విని మురిసే ఇల్లు - ఇవన్నీ గడీలలోనో తెలుగు వాచకంలోనో ఉండేవి. కావ్యాల్లో హంస రాయబారం మోసింది. చిలక డెబ్బై కథలు చెప్పింది. మా జాషువా మాత్రం హంసనూ చిలకనూ పిలువలేదు. 1941లో ‘గబ్బిలం’ రాసి, అరుంధతీసుతుడి మొరను శివుడి దగ్గరికి గబ్బిలంతో పంపించిండు. మనిషిని రానియ్యని గుడిలోకి గబ్బిలం పోతదని ఆయనకు తెలుసు.

అసొంటి వాడలో పుట్టిన మనుషులం, ఇంట్లకు ఇంకో పిట్టను తేవాల్నా వద్దా అని నెలరోజులు తర్జనభర్జన పడ్డమంటే మీకు నవ్వు రావచ్చు. మా అవ్వకూ వచ్చింది. అయినా రాస్తున్న. ఎందుకంటే ఆ నెలరోజుల్లో మేము మాట్లాడుకున్నది పిట్ట గురించి మాత్రమే కాదు.

కోడిపెట్ట మా ఆడోళ్ళ బ్యాంకు. కూలి పైసలు వచ్చినట్టే వచ్చి అప్పులోళ్ళ చేతికి పోయేవి. కోడి పైసలు మాత్రం అవ్వ కొంగు ముడిలో ఉండేవి. 1987లో నేను సాంఘిక సంక్షేమ హాస్టలుకు పోయేటప్పుడు రేకుపెట్టె కొనిచ్చింది మా నల్లపెట్ట. దాన్నీ దాని ఏడు పిల్లలనూ గంపలో పెట్టుకుని అవ్వ అంగడికి నడిచిపోయింది. మాపటికి రేకుపెట్టె నెత్తిన పెట్టుకుని నడిచొచ్చింది. మా నాయనమ్మ కాలంలో ఆ అమ్ముకునే భాగ్యం కూడా లేదు. నిజాం జమానాలో ఊరికి ఏ గిర్దావరో దిగితే ఆయన విందుకు కోడి వెట్టి కిందనే పోయేది. అడిగేది లేదు, పైస ఇచ్చేది లేదు. వాకిట్ల బోర్లించిన గంప ఎత్తి పట్టుకపోయేటోళ్ళట. తల్లి పోయినంక పిల్లలు ఎట్ల అరిచేవో నాయనమ్మ తన నోటితో అరిచి చూపించేది. మాకు పిట్టల మీద ఇష్టం లేక కాదు. ఇష్టపడ్డదాన్ని ఉంచుకునే తాహతు లేక.

బిడ్డ కాలేజీ చదువుకోసం హనుమకొండలో కిరాయికి దిగినం. మా ఆయన పనిచేసే డిపోలో ఒకాయన బదిలీ మీద పోతూ, 2023 ఎండకాలంలో పంజరంతో సహా రెండు లవ్ బర్డ్స్‌ను మా బిడ్డ చేతిల పెట్టిండు. లవ్ బర్డ్స్ అని అందరం అంటం గానీ వాటి పేరు బడ్జరిగార్. పుట్టిల్లు ఆస్ట్రేలియా. అక్కడి ఎండు మైదానాల్లో గింజలు, నీళ్ళు వెతుక్కుంట మందలు మందలుగ తిరిగే జాతి. మాకొచ్చిన వాటిలో ఒకటి పచ్చది, మొగది, ముక్కుమీద నీలం మచ్చ. ఇంకోటి పసుపుది, ఆడది, ముక్కుమీద మట్టిరంగు మచ్చ.

అవ్వ చూసి, ‘కోసుకోం, గుడ్డు తినం, అమ్ముకోం. మరెందుకే ఇవి?’ అన్నది.

‘చూసుకోను అమ్మమ్మా’ అన్నది బిడ్డ.

‘చూస్తే కడుపు నిండుతదా?’

ఆ మాటన్న అవ్వనే వారం తిరిగేసరికి పంజరం ముంగట పీట వేసుకున్నది. కారణం కొర్రలు. పిట్టల తిండి అని షాపాయన ఇచ్చిన పొట్లం విప్పి అవ్వ గింజలు అరచేతిల పోసుకుని చూసింది. ‘ఇవి కొర్రలు గదనే! నేను పెరిగింది కొర్రబువ్వ మీద. వరన్నం పండుగకు చూసేటోళ్ళం’ అన్నది. పేదోళ్ళ తిండి అని ఎవరి బువ్వను చూసి మూతి తిప్పిండ్రో, ఆ గింజకు ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరం అని ఇచ్చింది. అప్పుడది పెద్ద షాపుల్లో అందమైన ప్యాకెట్లకెక్కింది. మా ఇంట్ల మాత్రం అవ్వ చేటలో చెరిగి, రాళ్ళు ఏరి, పిట్టలకు పోసేది. ‘నా బువ్వ తినేది నా మనిషే’ అన్నది. అట్ల ఆ రెండు మా ఇంటోళ్ళయినయి.

ఈ ఏడు సంక్రాంతి పోయిన పదిరోజులకు పసుపుది రెక్కలు ఉబ్బించుకుని పంజరం అడుగున కూసున్నది. తోక లేపుతది, దించుతది, మూలుగుతది. అవ్వ చూడంగనే చెప్పింది. ‘ఇది కాన్పు కష్టం.’ గుడ్డు కడుపులో ఇరుక్కున్నది.

మా అవ్వ నలభై ఏండ్లు మంత్రసాని. మా వాడ పిల్లలే కాదు, ఊళ్ళె దొరల ఇండ్ల పిల్లలు సుత అవ్వ చేతుల్లోకే జారిండ్రు. దొడ్డి దర్వాజ నుంచి లోపలికి పోయేది. నొప్పులు పడేటప్పుడు అవ్వ భుజం పట్టుకుని ఏడ్చిన దొరసాని, పురుడు తీరంగనే ఆ అర్రను కడిగించేది. బొడ్డు కోసేదాక అవసరమైన చేయి, బొడ్డు కోసినంక మైల చేయి. ఆ చేతులే ఇప్పుడు సీసాలో ఉడుకునీళ్ళు పోసి, బట్ట చుట్టి, దాని పక్కన పిట్టను పండబెట్టినయి. తెల్లారేదాక అవ్వ నీళ్ళు మార్చుకుంట కూసున్నది. పొద్దుగాల పశువుల దవాఖానకు తీసుకపోతుంటే దారిలనే పిట్ట పోయింది. ఒంట్లో సున్నం తక్కువైన పిట్టకు గుడ్డు ఇట్ల అడ్డం పడుతదని డాక్టరు చెప్పిండు. ఒంట్లో రక్తం లేక కాన్పుల్లో పోయిన మా వాడ ఆడోళ్ళ పేర్లు అవ్వ ఆ రాత్రి ఒక్కొక్కటే తలుచుకున్నది. నేను లెక్కపెట్టలేదు. లెక్కపెట్టే ధైర్యం చాలలేదు.

ఆ దినం నుంచి పచ్చది అరుపు మార్చింది. మొదటి రెండు మూడు రోజులు పిలిచినట్టు గట్టిగ అరిచింది. తర్వాత ఊకున్నది. పంజరానికి కట్టిన చిన్న అద్దం ముందట పోయి కూసుంటది. అద్దంలో పిట్టకు తన నోట్ల గింజ తీసి పెట్టవోతది. అది తినదు. మళ్ళ పెట్టవోతది.

‘అమ్మా, ఇంకో పిట్టను తెద్దాం. ఇవి మందల బతికేటియి. ఒక్కదాన్ని ఉంచుడు పాపం’ అన్నది బిడ్డ.

ఇంట్లో పంచాయితీ అక్కడ మొదలైంది.

మా ఆయన సంఘంలో తిరిగిన మనిషి. ‘పంజరమంటేనే బానిసత్వం. ఒక బానిస ఏడుస్తున్నదని ఇంకో బానిసను తెస్తమా? తలుపు తీసి ఇడిసిపెట్టుండ్రి’ అన్నడు. వినడానికి మంచిగనే ఉన్నది. బిడ్డ ఊకోలేదు. ‘ఇడిసిపెడితే మాపటికి కాకులు పొడిచి సంపుతయి బాపూ. ఇది పుట్టిందే పంజరంల. దీని తల్లి సుత పంజరంలనే పుట్టింది. ఈ దేశంల దీనికి మంద లేదు, చెట్టు లేదు. యాడికి పోతది?’

నాకు బిడ్డ మాటే సబబనిపించింది. తలుపు తీసి ‘పో, ఇగ నువ్వు స్వేచ్ఛ’ అంటే సరిపోదు. వెట్టి పోయిందన్నరు, మరి భూమి ఏది? భూమి లేని స్వేచ్ఛ ఎట్లుంటదో మా తాతలు చూసిండ్రు. వాలేటందుకు కొమ్మ చూపియ్యకుండ రెక్కలున్నయి గదా ఎగురుమనుడు, పని ఒడిసినంక తరిమేసుడే.

ఈ సంగతి తెలిసి ఒకాయన, ‘రామచిలకను తెచ్చిస్త, మాటలు సుత నేర్చుకుంటది’ అన్నడు. వద్దన్నం. మన రామచిలకను పట్టుడు, అమ్ముడు, పంజరంలో పెట్టుడు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. ఆస్ట్రేలియా పిట్టకు ఆ చట్టం అడ్డం రాదు. చట్టం ఒక్కటే కాదు, ఇంకో మాట కూడా ఉన్నది. చిలక పిల్లను చెట్టుతొర్రలోంచి తీసేది పిట్టలోళ్ళు. ముద్దు చేసుకునేది మేడలోళ్ళు. పట్టుబడితే అందరి కంటె ముందు కనపడేది వల పట్టిన చేయి. తాతల కాలం నుంచి అడవి తప్ప వేరే బతుకు చూపియ్యని మనుషులను ముందట పెట్టి, వెనుక నిలబడి ముచ్చట తీర్చుకునుడు మాకు చేతకాదు.

ఇగ మిగిలిన ప్రశ్న ఒక్కటే. ఈ జాతి పిట్టనే ఇంకోదాన్ని తెచ్చుడా, దీన్ని ఒంటిగనే ఉంచుడా?

ఒంటిగ ఉండుడంటే ఏందో నాకు ఎరుకనే. 2002లో టీచరు ఉద్యోగం వచ్చింది. వర్గీకరణ అమల్లో ఉన్న రోజులవి. నన్ను వేసిన బడిలో ఆరుగురు టీచర్లు. మా కులాల నుంచి నేనొక్కదాన్నే. ఎవ్వరూ తిట్టలేదు. మర్యాదగనే మాట్లాడేటోళ్ళు. స్టాఫ్‌రూంలో నీళ్ళకుండ దగ్గరికి నేను పోతే మాత్రం ఎవరో ఒకరు లేచి, ‘ఉండండి మేడం, నేను ముంచిస్త’ అనేటోళ్ళు. కొత్తగా చూసినోళ్ళకు అది గౌరవంలెక్కనే కనపడుతది. నాలుగోనాటి నుంచి నేను ఇంటి నుంచే సీసాల నీళ్ళు తెచ్చుకున్న. మధ్యాహ్నం కిటికీ దిక్కు తిరిగి తినేదాన్ని. ఎవరన్నా పెద్దసారు తనిఖీకి వస్తే, ‘మా దగ్గర ఎస్సీ మేడం కూడా ఉన్నది సార్’ అని నన్ను చూపించేటోళ్ళు. ఒక్కదాన్నే ఉన్నప్పుడు నేను టీచరును కాదు, రుజువును.

ఒక్కటే పోస్టున్న కేడరులో రిజర్వేషన్ చెల్లదని, అట్ల ఇస్తే నూటికి నూరూ ఇచ్చినట్టయితదని 1998లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. ఒక్క పోస్టున్న కాడ మేము ఉండొద్దు. పది పోస్టులున్న కాడ మేము ఒక్కళ్ళమే ఉంటం. ఈ లెక్కను విద్యార్థులు ఆలోచించాలె.

2006లో ఇంకో మేడం బదిలీ మీద వచ్చింది. నాకంటె నాలుగేండ్లు పెద్ద. మాల ఇంటి ఆడబిడ్డ. నేను మాదిగ బిడ్డను. అప్పటికి రెండేండ్ల కిందనే, 2004 నవంబరులో సుప్రీంకోర్టు వర్గీకరణ చట్టాన్ని కొట్టేసింది. బయట రెండు వాడల నడుమ మాటల్లేవు. మా ఇద్దరికీ మొదటి నెల మాటల్లేవు. ఒకనాడు ఆమె టిఫిన్ డబ్బా పట్టుకుని వచ్చి నా కిటికీ కాడ కూసున్నది. ‘ఎండుచాపల పులుసు తెచ్చిన. వాసన వస్తదని అటు కూసోనిస్తలేరు. నీకేమన్న ఇబ్బందా చెల్లే?’ అన్నది. నాలుగేండ్లల్ల ఆ స్టాఫ్‌రూంలో నన్ను మేడం అనకుండ పిలిచిన మొదటి మనిషి ఆమె. ఆ దినం నుంచి మేమిద్దరం కుండలో నీళ్ళు మేమే ముంచుకున్నం. ఒక్కదాన్ని ముంచుకుంటే తెగింపు అనేటోళ్ళు. ఇద్దరం ముంచుకుంటే అది నీళ్ళు తాగుడే అయింది.

మేము కొట్లాడుకోలేదని కాదు. వర్గీకరణ మీద శానాసార్లు గొంతులు లేచినయి. కానీ డబ్బాలు ఒకచోట తెరుచుడు ఆపలేదు. 2024 ఆగస్టు 1న ఏడుగురు జడ్జీల ధర్మాసనం వర్గీకరణ చెల్లుతదన్ననాడు, ఎక్కడో దూరం బడిలో ఉన్న ఆ అక్క నాకు ఫోన్ చేసి, ‘నీ మాట గెలిచింది చెల్లే, నా మాట నాకున్నది, ఆదివారం ఇంటికి రా’ అన్నది.

పిట్ట ముచ్చటలో ఇదెందుకంటరేమో. ఇంకో పిట్ట గురించి బిడ్డ నాలుగు చోట్ల అడిగి తెలుసుకొచ్చిన సంగతి చెప్తే మీకే అర్థమైతది. రెండు మొగపిట్టలు కలిసి ఉంటయి. రెండు ఆడపిట్టలకు తొందరగ పడదు. ఆడ, మొగ పెడితే, కుండ కడితే నాలుగు నుంచి ఆరు గుడ్లు పెడుతది, పద్దెనిమిది దినాలు పొదుగుతది. కానీ ఏ రెండు పిట్టలైనా సరే, తిండిగిన్నె ఒక్కటే ఉంటే కొట్టుకుంటయి. పంజరం ఇరుకైతే ఈకలు పీక్కుంటయి. మా పంజరం అడుగున్నర. అది చూపించి షాపాయన, ‘ఇండ్ల ఇంకోటి పెడితే ఇవి కొట్లాడుకునే జాతి అంటరు. జాతిది కాదు మేడం, జాగది’ అన్నడు.

ఆ మాట నేను ఇంటిదాక మోసుకొచ్చిన. అడుగున్నర పంజరం, ఒక్క గిన్నె పెట్టి, రెండు పిట్టలు పొడుచుకుంటుంటే బయట నిలబడి ‘చూసిండ్రా, వీళ్ళల్ల వీళ్ళకే పడదు’ అని నవ్వేటోళ్ళను మేము ముప్పయి ఏండ్లుగ చూస్తున్నం.

అవ్వ ఒకే మాట పెట్టింది. ‘తెస్తే మొగదాన్ని తేండ్రి. ఇంకో ఆడదాన్ని నా చేతుల సావనియ్య.’ మా ఆయన పట్టు కొంచెం సడలింది. ‘మొగదైతే గుడ్లుండవు, పిల్లలుండవు. ఈ రెంటితోటి పంజరం ఒడుస్తది. అట్లయితే సరే. కొనొద్దు కానీ. కొంటే ఆ షాపుల ఇంకో జత పుట్టిస్తరు’ అన్నడు. బిడ్డ స్నేహితురాలు ఒకామె హాస్టలుకు పోతున్నది. ఆమె ఇంట్ల నీలం రంగు మొగపిట్ట ఒక్కటే మిగిలింది. అది సుత అద్దంతోటే మాట్లాడుతున్నదట. అంతా కుదిరినట్టే అనుకున్నం.

అప్పుడు ఓనరు అడ్డం వచ్చిండు.

ఈ ఇల్లు దొరికేముందు నాలుగు ఇండ్లు చూసినం. ‘మీరేమిటోళ్ళు?’ అని అడిగితే ‘మాదిగోళ్ళం’ అనే చెప్పినం. ఒకాయనకు అప్పుడే చుట్టాలొస్తున్నరని గుర్తొచ్చింది. ఒకామె ఇల్లు అప్పటికప్పుడే కిరాయికి పోయింది. అయిదో ఇంటాయన ఇచ్చిండు. ఇచ్చేటప్పుడే, ‘కోళ్ళూ గీళ్ళూ పెట్టొద్దు’ అన్నడు. పైన ఆయన కుక్క రాత్రంతా మొరుగుతది. మేమేమీ అనలేదు. ఇప్పుడు ఇంకో పిట్ట సంగతి చెవిన పడి, మెట్ల మీద నిలబెట్టి, ‘ఒక్కటి చాలదా? ఇట్ల పెంచుకుంట పోతే కోళ్ళఫారం అయితది. మీవోళ్ళకు అలవాటుంటది గానీ మాకు వాసన పడదు’ అన్నడు.

ఆయన లెక్కపెడుతున్నది పిట్టల్ని కాదని ఇంటికొచ్చి కూసున్నంక నలుగురికీ అర్థమైంది. ‘ఒక్కటి చాలదా?’ ఈ మాట మేము స్టాఫ్‌రూంలో విన్నం, డిపోలో విన్నం. కాలనీ సంఘంలో విన్నం. ఒక్కరుంటే వాళ్ళ మంచితనం. ఇద్దరైతే వాసన.

భయం లేకపోలేదు. 1917లో బరోడాలో విదేశంల చదువుకొచ్చిన అంబేద్కర్‌ను పారశీ సత్రంలోంచి కట్టెలు పట్టుకుని వెళ్ళగొట్టిండ్రు. ఆయనకు ఆ రాత్రి తలదాచుకునే ఇల్లు దొరకలేదు. నూరేండ్లు దాటినా కిరాయి ఇల్లు వెతికే ప్రతి దళితుడికీ ఆ చెట్టుకింద ఆయన కూసున్న సంగతి యాదికొస్తది. బిడ్డ పరీక్షలు నడుమ ఉన్నయి. అవ్వకు మోకాళ్ళ నొప్పి. ఇల్లు ఖాళీ చెయ్యమంటే మళ్ళ నాలుగు ఇండ్లు, మళ్ళ అదే ప్రశ్న. ఒక పిట్టకోసం ఇంత తెచ్చుకోవాల్నా అని మా ఆయన రెండు రాత్రులు ఆలోచించిండు. మూడోనాడు కిరాయి అగ్రిమెంటు తీసి నా ముందర పెట్టిండు. ‘దీంట్ల కుక్క లేదు, పిట్ట లేదు. కిరాయి టైముకు కడుతున్నం, ఇల్లు శుభ్రంగ పెడుతున్నం. మాపు పోయి ఓనరుకు చెప్తం. అడగం, చెప్తం’ అన్నడు. పంజరమంటేనే వద్దన్న మనిషి ఆ మాటన్నడు.

పోయి చెప్పినం. ‘సార్, ఇంకో పిట్ట వస్తున్నది. పంజరం రోజూ కడుగుతం. వాసనొస్తే చెప్పుండ్రి, వచ్చి చూడుండ్రి.’ ఆయన ఏమీ అనలేదు. సరే అనలేదు, వద్దనలేదు. ఏమి చేస్తడో చూడాలె. మా ఆయన అప్పుడే వేరే దిక్కు రెండు ఇండ్లు చూసిపెట్టిండు.

రెండున్నర అడుగుల పంజరం సెకండ్‌హ్యాండుల తెచ్చినం. గిన్నెలు రెండు, నీళ్ళ డబ్బాలు రెండు, వాలేటందుకు వేపకొమ్మలు మూడు. అద్దం తీసేస్తం. ఇంకో మనిషి వచ్చినంక అద్దంతోటి ఏం పని?

ఒక్క ముచ్చట మిగిలింది. కొత్త పిట్టను వెంటనే పాతదాని పక్కన పెట్టొద్దట. ఏ రోగమన్నా ఉంటే అంటుతది. నెలరోజులు వేరే అర్రలో, వేరే గిన్నె, వేరే నీళ్ళు. దాన్ని ముట్టినంక చేతులు కడుక్కునే దీన్ని ముట్టాలె. బిడ్డ ఇదంతా కాయితం చూసి చదువుతుంటే అవ్వ మొఖం మారింది.

‘వేరే గిన్నె, వేరే నీళ్ళు, ముడితే కడుగుడు... ఎవలు చెప్పిండ్రే నీకు ఇది?’

‘డాక్టరు చెప్పిండు అమ్మమ్మా. నెలరోజులే. రోగం లేదని తేలితే ఇగ రెండూ ఒకటే.’

అవ్వ శానాసేపు మాట్లాడలేదు. మా ఊరి హోటల్లో రెండు గ్లాసులు ఉండేవి. మా గ్లాసు చూరుకు చెక్కి ఉండేది. మేమే తీసుకుని, తాగి, మేమే కడిగి పెట్టేది. దానికి నెల లేదు, ఏడాది లేదు. తేలేందుకు రోగమూ లేదు.

‘నెలకు ఒడుస్తదంటే అది జాగర్త. ఒడువకపోతే అది మైల. మంచిది, పెట్టుండ్రి’ అన్నది అవ్వ. ‘గని వేరే పెట్టుడు వేరు, ఒంటిగ ఇడిసిపెట్టుడు వేరు. నా అర్రల పెట్టుండ్రి. నెలదాక నేను దాని పక్కన పంట.’

నీలం పిట్ట ఈ ఆదివారం వస్తది. ముప్పయ్యో రోజు ఏనాడు పడుతదో లెక్కవేయించి, గోడ మీది క్యాలెండరులో ఆ తారీఖు చుట్టు అవ్వ బిడ్డతోటి గీత పెట్టించింది.